కారణం రాసే గడి

రంజిత, పునీత్‌ల పరిచయం గొడవతో మొదలైంది. గొడవ పెట్టింది బోండా. బోండా అంటే తినేది కాదు, రంజిత పెంచుకుంటున్న రెండు పిల్లుల్లో లావుపాటిది. బ్రూక్‌ఫీల్డ్‌లో ఆమె అద్దెకున్న మేడ కింద, ఓనరు సొన్నమ్మగారి వాకిట్లో ఆగిన బైకు సీటెక్కి అది గోళ్లు పదును పెట్టుకుంది.

"ఏమండీ, మీ పిల్లి నా సీటుకి కిటికీలు పెడతా ఉండాది," అన్నాడు బైకు మనిషి మెట్లెక్కి వచ్చి. సొన్నమ్మగారి మేనల్లుడు పునీత్.

"సారీ అండీ. కానీ వెంటిలేషన్ మంచిదే కదా," అంది రంజిత.

నవ్వబోయి దగ్గింది. దగ్గు ఆగలేదు. ఆమె ఇన్‌హేలర్ తీసి పీల్చుకునేదాకా అతను సీటు సంగతి మర్చిపోయి నిలబడిపోయాడు.

"చిన్నప్పటి నుంచీ ఆస్తమా. టెన్షన్ పడకండి, నాకు అలవాటే," అంది.

అలవాటన్నది అబద్ధం. ఊపిరి అందని ప్రతిసారీ ఆమెకి మొదటిసారంత భయమే.

ఆ తర్వాత పునీత్ ప్రతి బుధవారం, శనివారం రావడం మొదలుపెట్టాడు. బొమ్మసంద్రలో అగరుబత్తుల ఫ్యాక్టరీలో, పొడులు కలిపే సెక్షన్‌లో క్వాలిటీ చూస్తాడు. షిఫ్టు దిగి నేరుగా అత్తని చూడ్డానికే వస్తున్నానంటాడు. అత్తకి ఐదు నిమిషాలు, పై బాల్కనీకి రెండు గంటలు. "నన్ను చూడనే వస్తా ఉండాడంట, నమ్మాలంట," అని సొన్నమ్మగారు వంటింట్లోంచే వినిపించేవారు.

అడుగుల చప్పుడు కంటే ముందు అతని వాసన మెట్లెక్కేది. గంధం, సాంబ్రాణి కలిసిన వాసన. అతను వెళ్లాక కూడా ఆ కుర్చీలో కాసేపు కూర్చునేది రంజిత. ఇష్టమన్న మాట మాత్రం ఇద్దరిలో ఎవరూ పైకి అనలేదు.

ఆగస్టు వానలకి ఆమె ఊపిరి మరీ పాడైంది. డాక్టర్ పద్మనాభం ఒక ప్లాస్టిక్ గొట్టం ఇచ్చారు. గట్టిగా ఊదితే ముల్లు కదిలి ఊపిరి బలమెంతో చూపిస్తుంది.

"రోజూ రాత్రి ఎనిమిదింటికి ఊది నంబరు రాయమ్మా. పడిన రోజు కారణం కూడా రాయి. నెలలో మాటిమాటికీ మూడు వందల కిందకి వస్తే పిల్లుల్ని ఎవరికైనా ఇచ్చేయాలి."

రంజిత తలూపింది. బోండానీ, రెండో పిల్లి పునుగునీ ఆఫీసు పార్కింగ్‌లో అట్టపెట్టెలో దొరికినప్పుడు అరచేతిలో పట్టేవి. ఈ ఊళ్లో ఆమె ఇంటికొచ్చే వేళకి ఎదురుచూసేవి అవే. పడగ్గదిలోకి రానివ్వడం మానేసింది, గాలి శుభ్రం చేసే మిషను కొంది, ముట్టుకున్న ప్రతిసారీ చేతులు కడిగింది. అయినా నంబరు పడింది. పడిన ప్రతిసారీ కారణం గడిలో ఏడుపు ఆపుకుంటూ 'పిల్లులు' అని రాసింది.

అత్తిబెలెలో ఉండే ఆఫీసు స్నేహితురాలు అర్చన, ఆదివారం వచ్చి పిల్లుల్ని తీసుకెళ్తానంది.

శనివారం పునీత్ వచ్చేసరికి రంజిత పిల్లుల గిన్నెలు సంచిలో సర్దుతోంది. విషయం విని అతను ఫ్రిజ్ మీద అంటించిన నంబర్ల చార్టు ముందు నిలబడ్డాడు.

"పిల్లులు రోజూ ఉండాయి గదండీ. నంబరు రోజూ పడలేదే?"

"కొన్ని డేస్ ఎక్కువ ఎఫెక్ట్ ఉంటుందేమో."

"మా ఫ్యాక్టరీలో నంబరు పడితే ముందు ఆ షిఫ్టులో ఎవరు ఉండారని చూస్తాము." అతని వేలు చార్టులో తేదీల మీద దిగింది. "ఆరు. తొమ్మిది. పదమూడు. పదహారు."

వేలు ఆగిపోయింది. అతను తన చొక్కా చేతిని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ముఖం పాలిపోయింది.

"పిల్లులు కాదండీ. బుధవారం, శనివారం. నేను."

"కోఇన్సిడెన్స్ అయ్యుంటుంది," అంది రంజిత. మొదటి రోజు దగ్గు గుర్తొచ్చింది.

అతను అప్పటికే వెనక్కి నడుస్తున్నాడు. "అర్చనగారికి ఫోన్ చేసి రావద్దనండి," అని మెట్లు దిగిపోయాడు.

బుధవారం రాలేదు. శనివారమూ రాలేదు. రోజూ ఎనిమిదింటికి 'నంబరు ఎంత?' అని ఒక్క మెసేజి. మూడు వందల ఇరవై. మూడు వందల నలభై. ఊపిరి బాగుపడేకొద్దీ ఆమెకి భయం పెరిగింది. ఒక్కో మంచి నంబరూ అతన్ని ఇంకాస్త దూరం తోస్తోంది.

ఒకరోజు 'రెండు వందల ఎనభై' అని అబద్ధం టైపు చేసింది. అది పంపితే తప్పు పునీత్‌ది కాదని తేలుతుంది. కానీ పిల్లులు పోతాయి. బోండా ఒళ్లో గుర్రుమంటుంటే ఆ మెసేజి చెరిపేసింది.

డాక్టరు చార్టు చూసి, ప్రస్తుతానికి పిల్లులు ఉండొచ్చని, పడగ్గదిలోకి మాత్రం వద్దనీ చెప్పారు. ఇంటికొచ్చి ఆనందంగా ఉండాలని చాలాసేపు ప్రయత్నించింది, చేతకాలేదు.

మూడో శనివారం వానలో ఎవరో మెట్లెక్కుతున్నారు. ఏ వాసనా రాలేదు కాబట్టి వేరెవరో అనుకుంది. తలుపు తీస్తే ఆరో మెట్టు మీద పునీత్, తడిసిన జుట్టుతో, కొత్త చొక్కాలో నిలబడి ఉన్నాడు. ఇంకో మెట్టు ఎక్కలేదు.

"మేనేజర్ని అడిగి సరుకు బయటికి పంపే డిస్పాచ్‌కి మారినాను. ఫ్యాక్టరీలోనే స్నానం. ఆ బట్టలు లాకర్ దాటి రావు," అన్నాడు పాఠం అప్పజెప్పినట్టు. "ముందు ఊదండి. నేనొచ్చినాక గంట ఆగి మళ్లీ ఊదండి. పడితే, ఇంక మెసేజి మాత్రమే."

"ఇదంతా నంబరు కోసమేనా?"

"మీ కోసం అనే ధైర్యం లేక నంబరు అంటా ఉండాను."

"ఇది తగ్గిపోయే జబ్బు కాదు పునీత్. లైఫ్ లాంగ్ ఉంటుంది."

"తెలుసు. నేనూ అట్లాంటివాణ్ణే."

రంజిత ఊదింది. మూడు వందల యాభై. అతను లోపలికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. పునుగు ఒళ్లోకెక్కింది. ఆ గంటంతా ఆమె తన ప్రతి ఊపిరినీ విన్నది, అతనూ ఆమె ఊపిరినే విన్నాడు.

ఎనిమిదైంది. రంజిత గొట్టం అందుకుంది. పునీత్ గోడ వైపు తిరిగి కళ్లు మూసుకున్నాడు.

ఊదింది. ముల్లు ఎక్కడుందో రెండుసార్లు చూసుకుని చార్టు దగ్గరికి వెళ్లింది. మూడు వందల యాభై అని రాసి, కారణం గడిలో ఇంకేదో రాసింది.

పెన్ను చప్పుడు ఆగాక అతను తిరిగి చూశాడు. ఆ గడిలో 'పునీత్' అని ఉంది.

"మళ్లీ నేనేనా?" అన్నాడు.

"నంబరు చూడండి ముందు," అంది రంజిత.