పాత కాంటా కాడ కారు తాళాలు

ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి వచ్చే తొవ్వల, లింగంపేట ఇంకా రాకముందే ఒక పాత కాంటా ఉన్నది. ఒకప్పుడు అక్కడ వడ్ల లారీలు తూకం ఏసేటోళ్లు. ఇప్పుడు తలుపు లేని గది ఒక్కటే మిగిలింది. చీకటి పడ్డంక అటు దిక్కు పోతే... బండ్లెకు ఎవరో ఎక్కుతరట.

ఎక్కినోణ్ని చూసినోళ్లు లేరు. డోర్ సప్పుడు ఇన్నోళ్లు మాత్రం ఉన్నరు.

అట్ల ఇన్నది కృపాజ్యోతి. ఈ ముచ్చట నాకు చెప్పింది గూడ ఆమెనే. ఎల్లారెడ్డి దవాఖానల నర్సు, ఇల్లు కామారెడ్డిల. నలభై ఏండ్లొచ్చినంక డ్రైవింగ్ నేర్చుకొని, సొంత జీతంతోని ఒక పాత కారు కొనుక్కున్నది. డ్యూటీ దిగి రాత్రి ఎనిమిదింటికి ఒక్కతే వస్తది.

వరికోతలప్పుడు మొదలైంది. కారు కాంటా కాడికి రాంగనే — టక్! నాలుగు డోర్ల లాకులు ఒక్కసారే పడ్డయి. ఊపిరి తీసుకునేంతల — టక్! నాలుగూ తెరుసుకున్నయి. ఇండికేటర్లు మిణుకుమన్నయి, అలారం కీచుమన్నది.

ఆమె వెనక్కి తిరిగి చూడలే. చూస్తే... ఎవరన్న కూసొని ఉంటే?

తెల్లారి గూడ అట్లనే అయింది. వారం దాటినా అంతే. వాళ్లమ్మ ఈరవ్వ ఏడుపు మొదలువెట్టింది. "బిడ్డా, ఆ నౌకరి ఇడిచిపెట్టు. ఇంటికాడ గంజి తాగైన బతుకుదాం."

కృపాజ్యోతి కారు తీస్కపోయి భీమేష్ షాపుల పెట్టింది. కామారెడ్డిల కార్ల కరెంటు పని చేస్తడు భీమేష్. రిమోట్ల సెల్లు మార్చిండు, ఫ్యూజులు చూసిండు, లాకు మోటర్లు ఊడదీసి పెట్టిండు. షాపుల కారు కిక్కురుమనలే.

"బండి మంచిగనే ఉన్నది సిస్టర్."

"నీ షాపుల మంచిగుంటే నాకేం లాభం తమ్మీ? కాంటా కాడికొచ్చి చూడు."

భీమేష్ ఆ కాంటా కథలు చిన్నప్పటిసంది ఇంటున్నోడు. కానీ షాపుల నలుగురు కస్టమర్లున్నరు. "వస్త... నాకేం భయమా?" అన్నడు.

మర్నాడు పొద్దుమీకి బస్సుల ఎల్లారెడ్డి పోయి, ఆమె డ్యూటీ దిగినంక కారెక్కిండు. నాలుగు లాకులూ కనపడాలని వెనక సీట్ల కూసున్నడు. ఒళ్లె సామాన్ల సంచి, చేతుల టార్చి. ఊరు దాటింది. దీపాలు తగ్గినయి.

కాంటా గది, దాని ముంగట టార్పాలిన్ పరదా కప్పిన వడ్ల కుప్ప కనపడ్డయి. పైపులైన్ కోసం రోడ్డుకు అడ్డంగ తవ్వి సగం పూడ్చిన గుంత ఉన్నదక్కడ. కారు దానిల పడి లేచింది —

టక్!

భీమేష్ డోర్ హ్యాండిల్ గుంజిండు. రాలే. మళ్ల గుంజిండు. రాలే! "సిస్టర్... ఎవరో బయటికెల్లి పట్టుకున్నరు!"

"పిల్లల లాకు ఏసి ఉన్నది తమ్మీ. వెనక డోర్ లోపలికెల్లి రాదు," అని ఆమె గుసగుసగ అన్నది. బండిని కాంటా గది ముంగట పక్కకు ఆపింది. "గాబరా పడకు. సప్పుడు ముందు ఏ డోర్‌కాడ అయింది?"

పనికాడి ప్రశ్న ఇనంగనే భీమేష్‌కు సగం పానం తిరిగొచ్చింది. "మీ... మీ డోర్‌కాడనే."

ఆమె దిగి బయటికెల్లి వెనక డోర్ తెరిచింది. వాడు దిగి, డ్రైవర్ డోర్ బార్లా తెరిచి, డోర్‌కూ బాడీకీ నడుమ తీగలు పోయే రబ్బరు గొట్టాన్ని రెండు వేళ్లతోని కదిపిండు.

టక్. మళ్ల కదిపిండు. టక్.

"దెయ్యం దొరికింది సిస్టర్!"

గొట్టం ఎనుకకు గుంజి టార్చి కొట్టిండు. డోర్ తీసి ఏసి, తీసి ఏసి, లోపల తీగల తోలు చిట్లిపోయింది. రాగి బయటపడ్డది. లాకు ఎయ్యమని చెప్పే తీగ ఒకటి, తియ్యమని చెప్పే తీగ ఒకటి. గుంతల కారు ఎగిరినప్పుడల్ల ఆ రెండు ఒకదాని తర్వాత ఒకటి బాడీ ఇనుముకు తగులుతున్నయి. తగిలితే లాకులకు హుకుం పోయినట్టే. షాపుల గుంత లేదు, అందుకే అక్కడ సప్పుడు లేదు.

చిట్లిన కాడ కోసి, కొత్త ముక్కలు మెలేసి, టేపు చుట్టిండు. "రేపు షాపుల గట్టిగ అతుకేస్త. ఇప్పుడైతే తోలుండ్రి."

మూడుసార్లు ఆ గుంత మీదికెల్లి పోయి వచ్చిన్రు. సప్పుడు లేదు. ఒక్క టక్ గూడ లేదు. కృపాజ్యోతి గుంత అవతల బండి ఆపి, అక్కడికెల్లే ఫోన్ కొట్టింది. "అమ్మా, తీగ చిట్లిందంతే. నౌకరి ఇడిచేది లేదు. కూర వేడి చేసి పెట్టు."

పొయ్యేముందు భీమేష్ కటింగ్ ప్లేయర్ కోసం ఎతికిండు. తీగ కోసిన కాడ, కాంటా గది ముంగట మర్చిపోయిండు. "నేను తెస్త, మీరు కూసోండ్రి," అని ఈల ఏస్కుంట ఒక్కడే పోయిండు.

ఒంగి తీసుకుంటుంటే... గది ముంగటి వడ్ల కుప్ప కదిలింది. కుప్ప మీది పరదా లేచింది. దాని కిందికెల్లి రెండు తలకాయలు —

ఈల ఆగిపోయింది.

"బిడ్డా..." ఒక ముసలి గొంతు సన్నగ అన్నది. "నువ్వు మనిషివేనా?"

వడ్లకు కావలి పండుకున్న సిద్దిరాములు, ఆయన భార్య దేవవ్వ. ఇద్దరూ పరదా అంచు ఇడిచిపెట్టలే.

"మనిషినే అవ్వా! మీరు?"

"మేమూ మనుషులమే. బిడ్డా, జెల్ది ఉరుకు. పది దినాల సంది గీ ఏళకు ఒక బండి దెయ్యం వస్తది. కండ్లు కొడ్తది, కీచుమంటది, పోతది. ఇయ్యాల మూడు తిరుగుళ్లు తిరిగింది. అగో, ఇంకా అక్కడనే నిలవడ్డది!"

భీమేష్‌కు నవ్వాగలే. "అది దెయ్యం కాదవ్వా, కారు. లోపల మా సిస్టర్ ఉన్నది."

నవ్వు ఇని, ఏమైందోనని కృపాజ్యోతి కారు డోర్ తీసి దిగింది. ఒంటి మీద డ్యూటీ తెల్లకోటు అట్లనే ఉన్నది. హెడ్‌లైట్ల ముందట నిలవడి, "ఎవరూ..." అని పిలిచింది.

దేవవ్వ కెవ్వుమన్నది. మొగన్ని లోపలికి గుంజి, పరదా నెత్తి నిండ కప్పేసింది.