విమానాల మైదానంలో మంట

కాపలాదారు భార్య లోపలికి వచ్చేసరికి డిటెక్టివ్ టీ కప్పు నోటిదాకా తెచ్చుకున్నాడు. ఆమె ఏడవలేదు. చేతిలో సంచిని బల్ల మీద విసిరికొట్టింది.

"మా ఆయన్ని చంపేశారు. పైగా తాగుబోతని ముద్ర వేశారు. చంపినవాడు దొరుకుతాడో లేదో నాకు తెలీదు. ఆ మాట మాత్రం తుడిచిపెట్టాలి."

"ముందు కూర్చోమ్మా," అంటూ అసిస్టెంటు కుర్చీ జరిపాడు.

"కూర్చోడానికి రాలేదు బాబూ."

డిటెక్టివ్‌ని ఊళ్ళో అందరూ ముక్కుసూటి అంటారు. ఆయన కప్పు కింద పెట్టేశాడు. ఆయన టీ వదిలేశాడంటే కోపం నషాళానికి అంటిందన్నమాట. అది అసిస్టెంటుకి బాగా తెలుసు.

ఊరి బయట యుద్ధకాలంలో కట్టి, యుద్ధం అయిపోగానే వదిలేసిన విమానాశ్రయం ఉంది. ఇప్పుడు దాన్ని మ్యూజియం చేస్తున్నారు. అక్కడ కాపలా కాసే ఆమె భర్త నేలకింది పెట్రోల్ ట్యాంకులో కాలిపోయాడు. తాగి, లోపలికి దిగి, సిగరెట్ ముట్టించాడనీ, యుద్ధంనాటి పెట్రోల్ అంటుకుందనీ ఇన్‌స్పెక్టర్ తేల్చేశాడు.

"తాగేవాడా?"

"ఆయన తాగింది మంచినీళ్ళూ, నా చేతి టీ. అంతే. మా మావగారు యుద్ధంలో ఆ మైదానంలోనే పోయారండీ. ఎలా పోయారో మ్యూజియం తెరిచే రోజున అందరి ముందూ చెప్తానన్నాడు. మ్యూజియం మేనేజరుకీ చెప్పాడు, చరిత్ర చెప్పే మాస్టారికీ చెప్పాడు. నేనడిగితే మాత్రం, నువ్వూ అప్పుడే విందువుగాని అన్నాడు."

మైదానం చూపించడానికి మాస్టారే వచ్చాడు. విమానాశ్రయం చరిత్ర చెప్పడంలో ఆయనకి పెద్ద పేరు. మ్యూజియానికి కాబోయే డైరెక్టరు కూడా. ఎండ నిప్పులు చెరుగుతున్నా నిండు చేతుల చొక్కా, కళ్ళదాకా దించిన టోపీ.

"మన వీరులు ఇక్కణ్ణుంచే ఎగిరారు! కొందరు తిరిగి రాలేదు!" అన్నాడు చెయ్యి చాపి. అసిస్టెంటుకి ఒళ్ళు జలదరించింది.

రన్‌వేకి రెండు పక్కలా వరసగా, నల్లబడిన ఇటుక పొయ్యిలున్నాయి.

"ఇవేమిటి మాస్టారూ?"

"సైనికుల వంట పొయ్యిలు."

డిటెక్టివ్ ట్యాంకులోకి దిగాడు. అసిస్టెంటు పొట్ట లోపలికి పీల్చుకుని మరీ దిగాడు. గోడ పొడవునా సిమెంటు బల్లలు. పైకి ఒక గాలిగొట్టం. తలుపుకి లోపలివైపు గడియ. పెట్రోల్ వాసన ఇంకా గుప్పుమంటోంది.

"అగ్గిపుల్ల గీయకండి గురువుగారూ, మీకు పుణ్యముంటుంది," అన్నాడు అసిస్టెంటు.

పైకి వచ్చాక డిటెక్టివ్ అడిగాడు. "మాస్టారూ, మంట మీరు చూశారా?"

"లేదండీ. మర్నాడు వచ్చాను. అప్పటికే పోలీసులు సీలు వేశారు." మాస్టారు నుదురు తుడుచుకున్నాడు. రుమాలు మీద నల్లటి మరక పడింది. మసి కాబోలనుకున్నాడు అసిస్టెంటు.

మేనేజరు ఒకప్పుడు గ్యారేజీ నడిపిన మనిషి. అడగ్గానే కయ్యిమన్నాడు.

"వాడితో నాకు గొడవే. మ్యూజియం కోసం ఇల్లు ఖాళీ చెయ్యమన్నాను. అయితే చంపేస్తానా?"

"ఒక్క మాట చెప్పండి. గోతిలో పెట్రోల్ పోసి ముట్టించాలంటే ఎలా?"

"దూరం నుంచి, గుడ్డ చుట్టిన పొడవాటి కర్రతో. దగ్గరికెళ్ళి అగ్గిపుల్ల వేశారా, మొహం మాడిపోతుంది. మా గ్యారేజీలో అందరికీ తెలిసిన సంగతేగా!"

మర్నాడు పొద్దున అందరినీ ఆ ట్యాంకు దగ్గరికే రప్పించారు. ఇన్‌స్పెక్టర్ గడియారం చూసుకుంటున్నాడు.

"ట్యాంకులో బల్లలెందుకు ఇన్‌స్పెక్టర్ గారూ?" అన్నాడు డిటెక్టివ్. "పెట్రోల్ కూర్చుంటుందా? లోపలికెళ్ళి గడియ వేసుకుంటుందా? నింపే పైపు లేదు, తోడే పైపు లేదు. అది మనుషులు దాక్కునే గొయ్యి."

ఆయన గొంతు లేచింది.

"రన్‌వే పొడుగునా వరసగా ఎవరైనా వండుకుంటారా? అవి వంట పొయ్యిలు కావు. ఈ మైదానమే ఒక ఎర! ఇక్కణ్ణుంచి ఒక్క విమానమూ లేవలేదు. శత్రువు బాంబులు అసలు విమానాశ్రయం మీద పడకూడదని ఇక్కడ కూలీల చేత మంటలు పెట్టించారు. పైన ఎగిరేవాడికి అవి రన్‌వే దీపాల్లా కనబడాలి. మంట పెట్టడం, గోతిలోకి పరిగెత్తడం. అందరికీ గొయ్యి అందలేదు. ఈమె మావగారికి అందలేదు."

డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాడు.

"ఆ సంగతే కాపలాదారు చెప్తానన్నాడు. మరి పెట్రోల్ ఎక్కణ్ణుంచి వచ్చింది? బయటినుంచి. వాసన ఇంకా పోలేదంటే మొన్న పోసింది. పోసింది మేనేజరైతే కర్ర వాడేవాడు. ఇది పెట్రోల్ సంగతి తెలియని మనిషి పని. అగ్గిపుల్ల గీసి లోపలికి వంగిన మనిషి. మాస్టారూ, టోపీ తియ్యండి."

"ఏమిటీ అవమానం!"

మేనేజరు టోపీ లాగేశాడు. కాపలాదారు భార్య గుడ్డ తడుపుకుని మాస్టారి ఎదుటికి వెళ్ళి, నుదురు మీద ఒక్క రుద్దు రుద్దింది. కనుబొమ్మ గుడ్డకి అంటుకొచ్చింది. పెన్సిలుతో గీసుకున్న గీత. దాని కింద ఎర్రగా కమిలిన చర్మం.

"ఆ చొక్కా చేతులు కూడా ఎత్తించండి," అన్నాడు డిటెక్టివ్.

మాస్టారు చేతులు వెనక్కి దాచుకున్నాడు. "నా బతుకంతా ఆ వీరుల కథే చెప్పుకున్నాను. పెట్రోల్ డబ్బాతో వచ్చాను, గొయ్యి చూపించమన్నాను, దిగాడు... వాడొక్క మాటతో నన్ను నవ్వులపాలు చేసేవాడు!"

"వాడు కాదు, ఆయన!" అని గర్జించాడు డిటెక్టివ్. ఆయన అంత గట్టిగా అరవడం అసిస్టెంటు ఎన్నడూ వినలేదు.

మాస్టారికి సంకెళ్ళు పడ్డాయి. ఇన్‌స్పెక్టర్ జీపు వైపు నడవబోతే ఆమె అడ్డం నిలబడింది.

"మా ఆయన్ని తాగుబోతన్నారు."

"స్టేషనుకెళ్ళి రిపోర్టు మార్చేస్తానమ్మా."

"కాగితం సంగతి తర్వాత. నోటితో అన్నారుగా. నోటితోనే వెనక్కి తీసుకోండి."

ఇన్‌స్పెక్టర్ చుట్టూ చూశాడు. మేనేజరు తల తిప్పుకున్నాడు. అసిస్టెంటు తిప్పుకోలేదు.

"ఆయన... తాగలేదు. పొరపాటు నాది," అన్నాడు ఇన్‌స్పెక్టర్ గొణుగుతూ.

"వినబడలేదు," అంది ఆమె.