పసుపు కొంగు చీర

వెంకటకృష్ణారావు అసలు అన్నమే తింటున్నాడా అని మంగళగిరి నేతగాడు రత్తయ్యకు అనుమానం. అమ్ముడుపోయాకే డబ్బులని చెప్పి నలభై చీరలు బెజవాడలోని తన బట్టల కొట్లో వేయించుకున్నాడు. కొత్త మగ్గం మీద దిగిన తొలిచీరకు కొంగున పసుపు రాసి దుర్గమ్మకని విడిగా పెడితే, దాన్నీ మూటలో కట్టించాడు. ఏడాది తిరిగినా పైసా లేదు. చివరికి, అమ్ముడుపోలేదు పట్టుకుపో, మోసుకెళ్లడానికి మీ ఆవిణ్ణి కూడా తీసుకురా అని కబురుపెట్టాడు.

డెబ్బై నాలుగో సంవత్సరం, వైశాఖ అమావాస్య... మిట్టమధ్యాహ్నం! కాకి సైతం నోరు మెదపని ఆ ఘోర ఘడియలో, భార్య మాణిక్యంతో కాలవగట్టునున్న అతని గోడౌనులో అడుగుపెట్టాడు రత్తయ్య.

వెనక ఇనుప తలుపు దభీమని మూసుకుంది. బయట తాళం పడింది.

లోపల చీరల గుట్ట... దాని మీద సిందూరం పులిమిన కపాలం... ఎదుట అగ్నిగుండం రగిలిస్తూ రక్తనేత్రాల మాంత్రికుడు!

"చీరలన్నీ తగలబెట్టడమెందుకండీ? లేనివాళ్లు కట్టుకుంటారు గదా," అన్నాడు రత్తయ్య, కిటికీ ఊచల్లోంచి చూస్తున్న వెంకటకృష్ణారావుతో.

"ఇవాళ ఊరికే కట్టుకున్నది రేపు డబ్బిచ్చి కొంటుందంట్రా, పిచ్చోడా? మిగిలింది బూడిదైతేనే నా కొట్లో చీరకు విలువ."

మాంత్రికుడి మాట ప్రకారం ఆ బూడిద కొట్టు గడప కింద పాతితే కొన్నవాళ్లు మళ్లీ మళ్లీ వస్తారట. అందుకు ఎవరూ కొనక, సొంతదారు లేకుండా మిగిలిన బట్టలు కావాలి... వాటితోపాటు ఓ ఆడమనిషి కావాలి!

మంత్రోచ్చారణతో గోడలు కంపించాయి. కట్టుకునే ఒళ్లు లేక అలమటించిన ఆ వస్త్రాల క్షుద్రదాహమంతా మాణిక్యంలో ప్రవేశించింది. కనుగుడ్లు తెల్లబడ్డాయి. "మమ్మల్ని కట్టుకోండి..." నలభై గొంతుకలు ఆమె నోట పలికాయి. చీరలు పాముల్లా జరజరా గుండంలోకి పాకుతుంటే, వాటి వెంటే ఆమె కూడా నడిచింది.

రత్తయ్య అడ్డంపడితే విసిరికొట్టింది. తలుపు మీద పిడికిళ్లు చిట్లేలా గుద్దాడు. ఊచల అవతల మొహం పక్కకు తిరిగింది. వేడికి ఊపిరాడడం లేదు. గుట్ట ఉన్నచోట కూలబడ్డవాడి చేతికి, కదలకుండా పడివున్న ఒకే ఒక్క చీర తగిలింది.

కొంగున పసుపు! దీనికి సొంతదారు ఉంది... దుర్గమ్మ!

పరుగున వెళ్లి మాణిక్యానికి చుట్టేశాడు.

గుండం అంచున ఆమె ఆగింది. ఈసారి పలికింది ఒకే గొంతుక. "నా చీరని కాల్చేదెవడ్రా?"

కపాలం ఫెటేలున పగిలింది. ప్రళయాగ్నిలా లేచిన జ్వాల మాంత్రికుణ్ణి చుట్టేసి, అరుపుతో సహా మింగేసింది! తాళం తునాతునకలై తలుపు తెరుచుకుంది. వెంకటకృష్ణారావు కాలవగట్టు వెంట పరుగెత్తాడు.

మర్నాడు యథాప్రకారం కొట్టు తెరిచాడు. కాలిపోయిన సరుక్కి డబ్బేంట్రా, నీ దుర్గమ్మనే అడుక్కో అని నవ్వాడు.

పసుపు కొంగు చీర కొండెక్కి అమ్మవారికి చేరింది. మిగతా నలభై, ముప్పై ఆరు చొప్పున, పద్నాలుగు వందల నలభై రూపాయలు... బూడిదలోనే పోయాయి.