పసుపు గుడ్డ విప్పిన రాత్రి

సింగానల్లూరులో గోవిందరాజ్ ఇంటి వెనక ఒక రేకుల షెడ్డు ఉంది. పొద్దుగూకితే ఆ పక్క సందులో ఎవరూ నడవరు. నడవరంటే మరీ మానేశారని కాదు... బస్సు స్టాపుకి అదే అడ్డదారి, కాబట్టి పరిగెత్తుతారు.

గోవిందరాజ్ తమ్ముడు రాఘవేంద్రన్ చచ్చి ఆ షెడ్డులో దెయ్యమై కూర్చున్నాడని ఊరి మాట. బతికుండగా కూడా అతని చోటు అదే. మోటార్లకు తీగ చుట్టే ఇంట్లో పుట్టి, ఆ తీగ వదిలేసి గిటారు తీగ పట్టుకున్నాడు. వాళ్ళమ్మ కాంతమ్మాళ్ ఊరుకుంటుందా?

"నాయుడి బిడ్డ పంపు చేయాల, లేదా పైరు చేయాల. ఆ టొయ్ టొయ్ నా గడప లోపల వినపడిందా, చూసుకో!" అన్నది.

సరే, గడప బయటే వాయించుకున్నాడు. పెళ్ళిళ్ళలో, తిరునాళ్ళలో ఆర్కెస్ట్రాతో తిరిగి పేరు తెచ్చుకున్నాడు. ఆ మహాతల్లి ఒక్క కచేరీకి పోలేదు. కడపటికి తిరుమంగళంలో వాయించి, గిటారును పెట్టెలో పెట్టి మూత వేసి, అదే కుర్చీలో గుండె ఆగి పోయినాడు. అతని సామానంతా వ్యానులో తిరిగొచ్చి షెడ్డులో చేరింది.

ఆ తర్వాత మొదలయింది... సత్తం, అదే చప్పుడు.

పాలు పోసే అంజలమ్మకు ఏడుపు వినపడింది. మిల్లు షిఫ్టు ముగించి వచ్చేవాళ్ళకు గొణుగుడు వినపడింది. షెడ్డును గోడౌనుకి అద్దెకు తీసుకున్న ఒక పెద్దమనిషి రెండో రోజే తాళం గోవిందరాజ్ చేతిలో పెట్టి, నేరుగా పళని పోయి గుండు కొట్టించుకున్నాడు. దెయ్యం ఆయన్ని ఏమీ చేయలేదు గానీ జుట్టు మాత్రం పోయింది.

ఇంత పేరున్న చోటికి ఒక శుక్రవారం రాత్రి ఒంటరిగా పోయినాడు గోవిందరాజ్ కొడుకు వసంత్. మహా ధైర్యవంతుడని అనుకునేరు! బొద్దింకను చూస్తే మంచం ఎక్కే రకం. కానీ గిటారు పిచ్చి ఉందే, అది ఎంతటి పిరికివాణ్ణయినా తోసుకుపోతుంది.

సంగతి ఏమంటే, మరునాడు శనివారం పాత ఆర్కెస్ట్రా వాళ్ళు రాఘవేంద్రన్ జ్ఞాపకంగా కచేరీ పెట్టుకున్నారు. చిన్నాయన కుర్చీలో తానే కూర్చోవాలని వసంత్ ఆశ. ఆర్కెస్ట్రా నడిపే నవనీతకృష్ణన్ తెగేసి చెప్పినాడు.

"వేళ్ళు ఎవురికైనా ఆడతాయి రా. నాకు వాడి సౌండు కావాల. తెచ్చినావా, కుర్చీ నీది. తేలేదా, కింద కూర్చుని చప్పట్లు కొట్టు."

తేవడానికి వాడు పడని పాటు లేదు. ఫోనులో యాప్ పెట్టినాడు. కాలితో నొక్కే పెడళ్ళు వరసగా పేర్చినాడు. "వెచ్చటి టోను" అంటే ఏమిటో ఇంటర్నెట్టు పండితులు చెప్పే వీడియోలు చూసి చూసి, వాడికి ఒళ్ళు వెచ్చబడింది గానీ టోను పడలేదు. అంతా విని నవనీతకృష్ణన్ ఒకే మాట అడిగినాడు: "ఏమిరా ఇది, దోమల మందు కొట్టే మిషనా?"

ఇంక మిగిలింది ఒకటే. చిన్నాయన పాత వాల్వు ప్రీయాంపు. గిటారు నుంచి వచ్చే సన్నటి శబ్దాన్ని పెద్దది చేసి, దానికి ఒక రంగు పూసి స్పీకరుకు పంపే ఇనప పెట్టె. ఎప్పుడో ఊటీ క్లబ్బులో ఇంగ్లీషు బ్యాండు వాళ్ళు వదిలిపోయిన సరుకు.

వాళ్ళమ్మ పాంచాలి తలుపు దగ్గరే అడ్డం పడింది.

"పోవద్దు కన్నా... ఆ పెట్టెలో ముడుపు ఉండాది. నా కళ్ళారా చూసినా."

ముడుపంటే తెలుసు కదా, మొక్కుకున్నప్పుడు పసుపు గుడ్డలో రూపాయి ముడివేసి దేవుడి దగ్గర పెట్టేది. వాళ్ళింట్లో ముడుపు కడితే పళని కొండ మీదే విప్పాలి. మొక్కు తీరకముందే ఇంట్లో విప్పినారా... ఎవరికో మూడిందన్నమాటే. ఆ భయంతోనే ఇన్నాళ్ళూ ఆ పెట్టెను ఎవరూ ముట్టలేదు.

"సుమ్మా ఉండమ్మా, ఊరుకో! వాల్వుకి ముడుపేంది?" అని వాడు పోయినాడు.

పోయి... పెట్టె పైమూత తీసినాడు.

నిజమే. గాజు వాల్వులు వరసగా నిలబడి ఉంటే, నడిమి దాని నడుముకు పసుపు గుడ్డ. గట్టిగా, బిర్రుగా, ముడి మీద ముడి. 'ఎంత కళాకారుడైతే ఏం, చిన్నాయన కూడా కడపటికి బల్బుకు తాయెత్తు కట్టినాడే!' అనుకుని నవ్వుకున్నాడు. నవ్వుతూనే గుడ్డ విప్పేసినాడు. ఈ కాలం పిల్లవాడు కదా, నమ్మకాలు ఉండవు. భయాలు మాత్రం ఉంటాయి.

స్విచ్చి వేసినాడు. వాల్వులు మెల్లగా ఎర్రబడినాయి. షెడ్డు అవతలి మూల ఉన్న స్పీకరు 'హుమ్...' అని మూలిగింది.

గిటారు తగిలించి బేస్ పెంచినాడు. పైరేకులు దడదడలాడినాయి. బేస్ తగ్గించి ట్రెబుల్ పెంచినాడు. పలక మీద గోరు గీకినట్టు కీచుమన్నది. గెయిన్ పెంచితే కందిరీగల తుట్టె కదిలింది. ఒక మర తిప్పి సరిచేస్తే ఇంకోటి చెడుతుంది. గంట సేపు తిప్పినా చిన్నాయన సౌండు కాదు గదా, దాని మేనమామ కూడా పలకలేదు. వాడికి ఏడుపు వచ్చినంత పనయింది. ఇంక నాకు కుర్చీ లేదు, అంతే... అనుకుంటూ తీగ మీద చేయి వేసి శబ్దం ఆపినాడు.

అప్పుడు—

"...తగ్గించు."

వసంత్ చుట్టూ చూసినాడు.

షెడ్డులో వాడు తప్ప ఎవరూ లేరు. మాట వచ్చింది... స్పీకరులో నుంచి.

"పైది... పైది తగ్గించు. చెవిలో పుల్ల పెట్టి తిప్పినట్టుండాది."

బొంగురు గొంతు. ఆడదో మగదో తెలియదు. దూరంగా, రేకు డబ్బాలో నుంచి గుసగుసలాడినట్టు. పెట్టె చూస్తే ఇంగ్లీషు వాళ్ళది, దెయ్యం మాత్రం తెలుగు మాట్లాడింది. అదీ బళ్ళో నేర్పే తెలుగు కాదు, ఇంట్లో ముసలివాళ్ళు ఆడే తెలుగు. అంటే పరాయి దెయ్యం కాదు, మన దెయ్యమే. అదొక్కటే ఓదార్పు.

పారిపోదామా అనుకున్నాడు. కానీ కుర్చీ... రేపే కచేరీ. ట్రెబుల్ తగ్గించినాడు. మీటినాడు.

"ఊఁ... కింద గుడగుడ. ఎద్దుకు కడుపు ఉబ్బినట్టు."

బేస్ తగ్గించినాడు.

"నడిమిది లేపు రా, మొద్దూ..."

కోయంబత్తూరులో ఏ సౌండు ఇంజనీరూ ఇంత సూటిగా చెప్పడు. దెయ్యం చెప్పింది. వసంత్ మిడిల్ లేపి, చిన్నాయన ఎప్పుడూ మొదట వాయించే వరస మీటినాడు.

వచ్చింది!

అదే సౌండు. గుండ్రంగా, నిదానంగా, కడుపు నిండా తిన్న మనిషి మాట్లాడినట్టు. చిన్నప్పుడు చిన్నాయన భుజం మీద నిద్రపోతూ విన్న సౌండు. వాడి కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగినాయి. చేయి ఆపి, చెవులు రిక్కించినాడు.

స్పీకరులో ఒక ఎక్కిళ్ళ శబ్దం... ఆ తర్వాత మెల్లగా—

"రాఘవా..."

అంతే. సౌండూ వద్దు, కుర్చీ వద్దు. గిటారు పారేసి వెనక తలుపు తోసుకుని బయటకు దూకినాడు. దూకి, చీకట్లో తిరగేసిన రోలు మీద కూర్చున్న తెల్లచీర ఆకారం ఒళ్ళో పడినాడు.

ఇద్దరూ ఒకేసారి కెవ్వుమన్నారు.

"ఎవుడ్రా అది! చీపురు తిరగేసేనా!"

ఆ తిట్టు వాడికి బాగా తెలుసు. పుట్టినప్పటి నుంచి తింటున్నాడు.

"అవ్వా? నువ్వేంటికి ఇక్కడ ఉండావు?"

కాంతమ్మాళ్ కొంగుతో ముఖం తుడుచుకుని నిటారుగా కూర్చున్నది. "గాలికి కూర్చున్నా."

"షెడ్డు వెనకా? ఈ దోమల్లోనా?"

"నా రోలు, నా దోమలు. నీకేంటికి?"

వసంత్ వాళ్ళవ్వను చూసినాడు, రేకు గోడను చూసినాడు. గోడకు ఇవతల రోలు. సరిగ్గా అవతలే పెట్టె ఉన్న బల్ల. వాడి బుర్రలో ఏదో తట్టింది గానీ పూర్తిగా వెలగలేదు. వెంటనే నవనీతకృష్ణన్‌కు ఫోను కొట్టినాడు.

"మామా, పసుపు గుడ్డ విప్పితే పెట్టె మాట్లాడతా ఉంది!"

అవతల నవ్వు. "మాట్లాడకుండా ఎట్లుంటుంది రా? ఆ నడిమి వాల్వు పాతబడి లోపల వదులయింది. పక్కన ఎవురు దగ్గినా, గొణిగినా పట్టుకుని స్పీకర్లో వేస్తుంది. ఆ అదురు ఆపేదానికే మీ చిన్నాయన గుడ్డ బిగించి కట్టేవాడు. ముడుపూ లేదు, మంత్రమూ లేదు. రేపు కట్టుకుని రా."

ఇన్నేళ్ళ ముడుపు కథ అక్కడ తెల్లారింది. వాడు ఫోను పెట్టబోతుంటే ఆయన ఇంకో మాట అన్నాడు.

"ఒక్క సంగతి మాత్రం నాకు ఇప్పటికీ తెలీదు రా. స్టేజీ మీద కట్టేవాడు, సరే. ఇంటికి పోతూనే విప్పేసేవాడు. కొత్త వాల్వు తెచ్చిస్తా అంటే వద్దన్నాడు. ఏంటికిరా అంటే నవ్వేవాడు."

వసంత్ ఫోను జేబులో పెట్టుకుని అవ్వ పక్కన మట్టిలో కూర్చున్నాడు.

"అవ్వా... చిన్నాయన వాయించేటప్పుడు నువ్వు ఇక్కడే కూర్చునేదానివా?"

"నేనా? ఆ టొయ్ టొయ్ వినేదానికా?" అంటూ మొదలుపెట్టింది. నాలుక అంతవరకే సహకరించింది. అది స్పీకరులో విన్న బొంగురు గొంతే. "దినామూ కూర్చున్నా రా. వాడు గిటారు మానాలని పళనికి మొక్కినదాన్ని నేనే. ఆ మొక్కు వద్దనుకుని రూపాయి హుండీలో వేసి వస్తే, మిగిలిన పసుపు గుడ్డ వాడు ఎత్తుకుపోయినాడు. వద్దన్న నోటితో బాగుంది అని ఎట్లా చెప్పేది? చెప్పలేదు. అది తెలియకుండానే వాడు పోయినాడు. అందుకే వచ్చి ఏడుస్తా ఉండా."

ఊరిని పరుగులు పెట్టించిన దెయ్యం ఇదీ. వయసు ఎనభై పైన, మోకాళ్ళ నొప్పులు, నోట్లో నాలుగు పళ్ళు.

వసంత్ ఆమె చేయి పట్టుకున్నాడు.

"చిన్నాయనకు తెలుసు అవ్వా. గోడ ఇవతల నీకు తెలియలేదు గానీ, నువ్వన్న ప్రతి మాటా స్పీకర్లో విన్నాడు. నీ మాట వినేదానికే ఇంట్లో గుడ్డ విప్పేవాడు. నువ్వు తగ్గించు అంటే తగ్గించినాడు, లేపు అంటే లేపినాడు. ఆ సౌండు నువ్వు పెట్టిందే."

 ఆమె రేకు గోడ వైపు తిరిగింది. వాడికి భయం వేసింది. చెప్పి తప్పు చేసినానా అనుకున్నాడు.

"ఓరి దొంగ నా కొడకా..." అన్నది మెల్లగా. వసంత్‌ను కాదు, పోయిన కొడుకును. "దినామూ మొదట ఆ పైది కీచుమనే పెట్టేవాడు రా. దినామూ! నిన్న చెప్పినా కదా, ఈ మొద్దుకు బుద్ధి లేదే అని మళ్ళీ తిట్టేదాన్ని. తిట్టినాకే సరిచేసేవాడు..."

అని నవ్వింది. నవ్వుతూ ఏడ్చింది, ఏడుస్తూ నవ్వింది. గుడ్డ విప్పే ఉంది కాబట్టి, ఆ నవ్వంతా ఖాళీ షెడ్డులో స్పీకరు మీద పెద్దగా మోగింది.

శనివారం వసంత్ గుడ్డ బిగించి కట్టుకుని పోయినాడు. మొదటి వరసకే నవనీతకృష్ణన్ కళ్ళు మూసుకుని తల ఊపినాడు. కుర్చీ వాడిదయింది. ముందు వరసలో ఒక ముసలామె మాత్రం "పైది ఇంకొంచెం తగ్గించచ్చు" అని పక్కవాళ్ళకు వినపడేటట్టే గొణిగిందంట. ఇంటికి రాగానే వాడు గుడ్డ విప్పేసినాడు.

సందు సంగతి అడుగుతారా? అది ఇంకా చెడింది. శుక్రవారం రాత్రి అటు పోయిన అంజలమ్మ చెంబు పారేసి ఇల్లు చేరి, తెల్లారే లోపల ఊరంతా చెప్పేసింది: ఇన్నాళ్ళూ ఏడ్చే దెయ్యం, ఇప్పుడు నవ్వుతా ఉంది. ఏడ్చే దెయ్యంతో ఎట్లో వేగచ్చంట గానీ, నవ్వే దెయ్యం మహా చెడ్డదంట.