తొమ్మిది తర్వాత పది

కోల్డ్ స్టోరేజ్ మెషిన్ రూమ్ గుమ్మంలో శవం బోర్లా పడి ఉంది. చెయ్యి గడప దాటింది. మనిషి దాటలేకపోయాడు.

అమోనియా లీకైంది. అలారం మోగలేదు.

పోయింది మెషిన్ ఆపరేటర్. పక్కనే చతికిలబడి ఏడుస్తున్న తమ్ముడు అక్కడే ఎలక్ట్రీషియన్. ఇన్‌స్పెక్టర్‌ని చూడగానే మీద పడ్డంత పని చేశాడు.

"అలారం సాఫ్ట్‌వేర్ రాసినవాణ్ణి లోపలెయ్యండి సార్! ఊరికే వస్తుంది వాడుకోండని పంచిపెట్టి మా అన్నయ్య ఉసురు తీశాడు."

"ఎవడైనా సరే, వదలను," అన్నాడు ఇన్‌స్పెక్టర్. తొందరపడి అన్నాడు.

కంట్రోల్ రూమ్‌లో అలారాన్ని నడిపే కంప్యూటర్ పక్కన ఎలక్ట్రీషియన్ వోల్ట్ మీటర్ ఉంది. దాన్నెవరూ పట్టించుకోలేదు.

మధ్యాహ్నానికి ప్రోగ్రామర్ దొరికాడు. అతని సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్. ఎవరైనా తీసుకోవచ్చు, పైసా ఇవ్వక్కర్లేదు. కోడ్ అతనిది. ప్రచారం రాసేది వాళ్లక్క.

"అలారం మోగదని మీకు తెలుసా?"

"తెలుసు. 0.10 విడుదలలో సరిచేశాను."

"అక్కడున్నది 0.9."

"పాతది వాడితే నేనేం చేసేది?" భుజాలెగరేశాడు. ఇన్‌స్పెక్టర్‌కి ఒళ్లు మండింది.

కానీ కంప్యూటర్ రికార్డు ఇంకో మాట చెప్పింది. పోయిన నెల 0.10 దానంతటదే ఎక్కింది. మర్నాడే ఎవరో దాన్ని పీకేసి 0.9 పెట్టారు.

కావాలని పాతది పెట్టారా? అయితే ఇది హత్య. ఎవరి పని?

ఇన్‌స్పెక్టర్ చూపు అప్పుడు ఆ మీటర్ మీద పడింది. దాన్ని ఆన్ చేసి తెర మీది అంకెలు చూశాడు.

సాయంత్రం ప్రోగ్రామర్‌నీ వాళ్లక్కనీ ఎలక్ట్రీషియన్‌నీ కంట్రోల్ రూమ్‌కి పిలిపించాడు. ప్యానెల్ తలుపు మీద సుద్దముక్కతో రెండు అంకెలు రాశాడు. 0.9. 0.10.

"ఏది పెద్దది?" ఎలక్ట్రీషియన్‌ని అడిగాడు.

"ఇదేం ప్రశ్న సార్? రోజంతా మీటర్‌తోనే కదా నా బతుకు. 0.9 పెద్దది. అందుకే ఆ రోజు..."

ప్యానెల్ మీది అంకెల్ని మళ్లీ చదువుకున్నాడు.

"ఆ రోజు ఏం చేశావు?"

"పాతదేదో ఎక్కిందనుకుని తీసేశాను. అన్నయ్య ఉండే గది కదా, మంచిది ఉండాలని..."

ప్రోగ్రామర్ అడ్డొచ్చాడు. "అది దశాంశం కాదండీ. తొమ్మిదో విడుదల తర్వాత పదోది. మావాళ్లందరికీ తెలుసు."

"మీవాళ్లకి తెలుసు. ఇక్కడ పని చేసేది మీవాళ్లు కాదు."

"1.0 అని పెట్టరా అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను," అంది అక్క.

"అంతా పూర్తి కాకుండా 1.0 ఎలా అంటానక్కా? నలుగురూ నవ్వరూ?"

ఇన్‌స్పెక్టర్ ఆవిడవైపు తిరిగాడు. "మరి 0.10 గురించి మీరేం రాశారమ్మా?"

ఆవిడ నీళ్లు నమిలింది. "చిన్న చిన్న మెరుగులు అని."

"అలారం మోగట్లేదు, వెంటనే మార్చండి అని ఎందుకు రాయలేదు?"

"అలా రాస్తే ఎవరైనా వాడతారా అండీ?"

ఎలక్ట్రీషియన్ రెండు చేతులూ చాచాడు.

"బేడీలెయ్యండి సార్."

ఏ సెక్షన్ కింద వేయాలి? ఒకడు పరువు చూసుకున్నాడు. ఒకావిడ పేరు చూసుకుంది. అన్నని చూసుకున్నది వీడొక్కడే. ఇన్‌స్పెక్టర్ ఆ చేతుల్ని కిందికి దించాడు.

"ఇంటికెళ్లు."

"వెళ్లి వదినకేం చెప్పను?"

ఇన్‌స్పెక్టర్ సుద్ద అంకెల్ని అరచేత్తో తుడిచేశాడు.

వారం తిరక్కుండా కొత్త విడుదల వచ్చింది. కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు. అంకె మారింది. 1.0. కింద అక్కగారి వాక్యం: "ఇప్పుడు మరింత నమ్మకంగా!" చచ్చినవాడి ఊసే లేదు.

ఆ ఉదయమే ఎలక్ట్రీషియన్ ఫోన్ చేశాడు.

"సార్, 1.0 అని వచ్చింది. అన్నయ్య చోట కొత్త ఆపరేటర్ చేరాడు. ఇది... ఇది 0.10 కన్నా పెద్దదేనా సార్?"

"పెద్దదేనయ్యా."

"ఒట్టు?"

"ఒట్టు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

అయినా ఎలక్ట్రీషియన్ ఫోన్ పెట్టెయ్యలేదు. వెక్కివెక్కి ఏడుస్తూనే ఉన్నాడు.