గొడుగు మర్చిపోకండి

"సాయంత్రం నాలుగింటికి ఆనకట్ట తెగుతుంది" అన్నాడు పెద్దాయన. "నిజంగా కాదు. ఫోన్లలో."

ఎదురుగా కూర్చున్న ఏజెంటును డిపార్ట్‌మెంటులో అందరూ గుమాస్తా అంటారు. ఏ గుంపులో నిలబెట్టినా గుమాస్తాలాగే కనిపిస్తాడు. అదే అతని మారువేషం.

"రెండు వేల నూటనలభై బాట్ అకౌంట్లు. మనిషి ముట్టుకోడు, వాటంతటవే పోస్టులు పెడతాయి. కొత్త అకౌంట్లయితే యాప్ కంపెనీ పట్టేస్తుంది. అందుకని ఒక ముఠా చనిపోయినవాళ్లవి దొంగిలించింది. వాళ్ల పాత పోస్టుల తీరు నేర్చుకుని ఈ బాట్లు అలాగే రాస్తాయి."

"ఇంట్లోవాళ్లు చూసుకోరా సార్?"

"పోయినవాళ్ల ఫోన్ ఎవరు తెరుస్తారయ్యా?"

గుమాస్తా కిందికి చూశాడు.

పథకం చిన్నది. ముందు ఒక లీడర్ అకౌంటు పోస్టు పెడుతుంది. అది జనం బాగా నమ్మే మనిషిది. మిగతావన్నీ దాన్నే మోగిస్తాయి. ఊరంతా పాత వంతెన మీదికి పరుగెత్తుతుంది. ఆ వంతెన అంత బరువు మోయలేదు. సర్వర్ పగలగొడితే విదేశంలో ఇంకోటి లేస్తుంది. లీడర్ అకౌంటు మూతపడితే మాత్రం అన్నీ ఆగిపోతాయి. దానికి రక్తసంబంధీకులో, జీవిత భాగస్వామో మరణ ఫారం నింపాలి. కంపెనీ మనిషి సిద్ధంగా కూర్చున్నాడు.

"లీడర్ ఎవరో కనిపెట్టు. కుటుంబాన్ని మేం వెతుకుతాం."

మూడున్నరకు గుమాస్తా ఏసీ మెకానిక్‌గా ముఠా ఆఫీసులో అడుగుపెట్టాడు. కళ్లజోడులో కెమెరా, చెవిలో బఠాణీ గింజంత స్పీకరు. తలుపు తీసిన ఆవిడ కన్నా ముందు ఆవిడ పరిమళం వచ్చింది. ఆవిడ పేరు ఫైల్లో అత్తరు. జీతం ఆ ముఠా దగ్గర, కబుర్లు డిపార్ట్‌మెంటుకి.

"గది చల్లబడటం లేదు" అంది కోడ్ ప్రకారం.

"గ్యాస్ అయిపోయుంటుంది."

"మీరెక్కితే స్టూలు విరుగుతుందేమో, చూసుకోండి మెకానిక్ గారూ!" అని నవ్వింది. స్టూలు పట్టుకునే వంకతో వంగి గొంతు తగ్గించింది. "మా నాన్న అకౌంటు కూడా ఈ లిస్టులో ఉంది. అందుకే మీవాళ్లకి ఫోన్ చేశాను."

గది మధ్యలో విదేశీ బాసు కూర్చున్నాడు. అతన్ని ఆఫీసులో చుట్టం అంటారు. వచ్చి మూడు నెలలైనా కదలలేదని. అతని స్క్రీన్ మీద నాలుగింటి పోస్టు సిద్ధంగా ఉంది. గుమాస్తా ఏసీ మూత విప్పుతూ పైనుంచి చదివాడు.

"ఆనకట్ట తెగిందట. పిల్లల్ని తీసుకుని వంతెన మీదికి వెళ్లండి. జాగర్త. గొడుగు మర్చిపోకండి."

చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది.

పేరు చూడనక్కర్లేదు. ముప్పై ఏళ్లు పిల్లలకి అక్షరాలు దిద్దించిన పంతులమ్మ ఆ ఒక్క మాటనీ 'జాగర్త' అనే రాసేది. "నోటితో ఎలా అంటామో అలా రాస్తేనే వింటారండీ" అనేది. ఎర్రటి ఎండలోనైనా సరే, ఆఖర్న గొడుగు మాట ఉండాల్సిందే. ఊళ్లో సగంమంది ఆమె శిష్యులే. ఆమె చెబితే నమ్మనివాళ్లు లేరు.

ఆమె పోయి రెండేళ్లు. రోజూ పొద్దున దీపం పెట్టాక, "తిన్నాను" అని ఆమెకి మెసేజ్ పెట్టడం అతనికి అలవాటు. మూడు వారాల కిందట జవాబొచ్చింది. "గొడుగు తీసుకెళ్లారా?" అని. జీవితమంతా అందరినీ అనుమానించి బతికినవాడు దీన్ని అనుమానించలేదు. "తీసుకెళ్లాను" అని అబద్ధం రాశాడు. ఎవరికీ చెప్పలేదు.

చెవిలో పెద్దాయన గొంతు. "లీడర్ దొరికిందా? కుటుంబం ఎవరు?"

"భర్త ఉన్నాడు సార్."

"ఎక్కడ?"

"స్టూలు మీద."

"ఏడు నిమిషాలే ఉన్నాయయ్యా" అన్నాడు పెద్దాయన మెల్లగా.

ఫోన్లో ఫారం తెరుచుకుంది. వృత్తిలో వందల దొంగ ఫారాలు చెమట పట్టకుండా నింపాడు. ఈ ఒక్క నిజమైనదాన్నే రెండేళ్లుగా వాయిదా వేశాడు. దొంగలు దూరింది ఆ సందులోంచే. సంబంధం: భర్త. తేదీ రాశాడు. చివరి ప్రశ్న: ఈ అకౌంటును శాశ్వతంగా మూసివేయాలా?

నీ దగ్గరికి వచ్చేసిన మనిషి గొంతు ఇక్కడ ఎవరిది స్వామీ? నాదా, వీళ్లదా? నేను పట్టుకు కూర్చున్నందుకేనా ఆమె చేత ఈ మాట అనిపిస్తున్నారు? అని మనసులోనే దేవుణ్ణి అడిగాడు.

మూడు యాభై తొమ్మిది.

"మెకానిక్ గారూ, అయిందా?" అత్తరు గడియారం వైపు చూసింది.

అవును అని నొక్కాడు.

నాలుగింటికి చుట్టం మీట నొక్కాడు. మళ్లీ నొక్కాడు. స్క్రీన్ మీద ఒకటే వాక్యం: 'ఈ అకౌంటు యజమాని ఇక లేరు.' మిగతా రెండు వేల నూటముప్పై తొమ్మిది మంది ఆమె మాట కోసం ఎదురుచూస్తూ అలాగే ఉండిపోయారు. చుట్టం లేచేలోపు తలుపులో పోలీసులు నిలబడ్డారు.

అత్తరు కళ్లు తుడుచుకుంది. "మా నాన్న ఫారం కూడా ఇప్పుడే నింపేస్తాను. పక్కన కాస్త కూర్చుంటారా?"

కూర్చున్నాడు. ఆవిడ నింపడం అయ్యాక, ఏసీ మూత బిగించి మరీ బయట వానలోకి వచ్చాడు.

కారు తలుపు తీసి పట్టుకున్నాడు పెద్దాయన. "ఒక్క ప్రాణం పోలేదయ్యా. ఏమిటిలా తడిసిపోయావు?"

"వర్షం సార్" అన్నాడు గుమాస్తా తల తుడుచుకుంటూ. "సమాచారం మూడు వారాల ముందే అందింది. నేనే పట్టించుకోలేదు."