నీళ్లు తాగే లారీ

నాలుగు నెలల కిందట కొన్న లారీ. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా ఇంకా తీయలేదు. అలాంటి బండి తెల్లవారేసరికి మళ్లీ నీళ్లన్నీ తాగేసి కూర్చుంది!

మోహన్‌రాజ్ బండి కింద దూరి టార్చి వేసి వెతికాడు. చుక్క లేదు. నేల పొడిగా ఉంది, గొట్టాలు పొడిగా ఉన్నాయి. రెండో నెలలోనే వాటర్ పంపు మార్చారు. తర్వాత రేడియేటర్ మూత, ఆ పైన గొట్టాలు. అయినా సాయంత్రం నింపిన నీళ్లు పొద్దుటికి ఉండవు. ఎక్కడికి పోతున్నాయి? ముగ్గు గిన్నెతో నిలబడ్డ అతని భార్య చారులతకు ఒళ్లు జలదరించింది. లారీ నుదుట ఎర్రటి అక్షరాలతో ‘తిరుమలసామి తుణై’, అంటే తిరుమలసామే తోడు అని ఉంది. ఆ తిరుమలసామి ఆమె మామగారు. ఆయన పోయిన పదకొండో రోజునే ఆ బండి ఇంటికొచ్చింది.

మోహన్‌రాజ్ తుడియలూరు వర్క్‌షాపులో పెద్ద మెకానిక్ ఆరోగ్యమేరికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

“వెళియే లీక్ ఇల్లే అణ్ణా. ఉళ్ళే ఆవి దాన్,” అందామె తమిళంలో. బయటికి కారడం లేదు, లోపలే ఆవిరైపోతోందని ఆమె మాట. ఇంజిన్ మూత కింద నీళ్లు లోపలికి దిగకుండా ఆపే పొర, హెడ్ గ్యాస్కెట్, పోయుండొచ్చంది. సాయంత్రం నీళ్లు నింపి రేడియేటర్ నీళ్ల ట్యాంకు మీద గీత పెట్టమంది. పొద్దుటికి మట్టం గీత కిందికి దిగితే బండి కదపకూడదు, దిగకపోతే వెళ్లొచ్చు. మర్నాడు అతను పంపుసెట్లు వేసుకుని కంబం దాటి కుమిళి కొండ ఎక్కాలి.

గడపలో కూర్చున్న అత్తగారు జానకమ్మాళ్ మాత్రం ‘ఆవి’ అన్న మాట దగ్గరే ఆగిపోయింది. వాళ్లింట్లో మాట్లాడేది తెలుగే, ఇడ్లీ గిన్నెలోంచి లేచేది ఆవిరి. ఆవి అంటే ఒకటే... పోయినవాళ్ల ప్రాణం.

“విన్నావా కణ్ణు? బండి లోపల ఆవి ఉండాదంట,” అంది కోడలితో, మెల్లగా.

తమిళంలో ఆ మాటకు ఆవిరి అని కూడా అర్థముందని చారులతకు తెలుసు. బడిలో చదువుకుంది కూడాను. కానీ ఆ రోజు ఆమెకూ అత్తగారికి వినిపించిందే వినిపించింది. ఎందుకు వినిపించదు? మామగారి మూత్రపిండాలు చెడిపోయాయి, రోజుకు నాలుగు చిన్న టంబ్లర్లకు మించి నీళ్లివ్వకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. కొలిచి ఇచ్చే పని కోడలిది. ఆ చివరి మధ్యాహ్నం ఆయన పొడిబారిన పెదవులు కదిపి, “ఒక్క గుటక ఇయ్యి తల్లీ,” అన్నారు. నాలుగూ అయిపోయాయి. “రేపు ఇస్తా మామా,” అంది. ఆ రేపు రాలేదు... నోట్లో తులసి తీర్థమైనా పడకుండానే వెళ్లిపోయారు. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆనాటి నుంచి ఆమె కూడా నిండా ఒక టంబ్లర్ నీళ్లు తాగలేకపోయింది, గొంతు దగ్గరే ఆగిపోయేవి.

సాయంత్రం మోహన్‌రాజ్ నీళ్లు నింపి, నల్ల పెయింటుతో గీత పెట్టి, ఇంజిన్ ఆపేశాడు. పొగగొట్టం నుంచి తెల్లటి పొగ కాసేపు అలాగే తేలింది. తర్వాత చల్లబడుతున్న ఇంజిన్ లోపల ఏదో కదిలింది. గుటక్... కాసేపు ఆగి మళ్లీ గుటక్. మంచంలో పడుకున్న మనిషి కష్టపడి మింగినట్టే ఉంది. చారులత చెవులు మూసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

తెల్లారి వాకిలి ఊడ్వడానికి వచ్చి, ఆమె చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. క్యాబిన్ పక్కన తెల్లచీరలో ఎవరో వంగి ఉన్నారు. ఇంకా వెలుతురు రాలేదు. ముఖం కనిపించలేదు. చేతిలో మామగారి వెండి టంబ్లర్ మాత్రం మెరిసింది. ట్యాంకులోకి నీళ్లు సన్నగా పడుతున్న చప్పుడు. “తాగండి... మెల్లిగా తాగండి,” అంటున్న గొంతు జానకమ్మాళ్‌ది. కాళ్ల దగ్గర బిందె, అందులో తులసాకులు.

“అత్తా, ఏం చేస్తాండావు?”

“ఆయనకి దాగం, చారూ. నీళ్లు లేకుండా పంపించేసినాము.”

నీళ్లు గీత దాకా వచ్చేశాయి. ఇంతలో మోహన్‌రాజ్ తాళాలతో బయటికొచ్చి ట్యాంకు చూసి నవ్వాడు. “గీత దిగలేదమ్మా. ఇంక పయమేం లేదు,” అంటూ క్యాబిన్ ఎక్కబోయాడు.

జానకమ్మాళ్ కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. “చెప్పొద్దు. వాడికి తెలిస్తే నీళ్లు పోయనీడు,” అని గొణిగింది. చారులత ఆ చేతిని చూసింది, భర్త పట్టుకున్న తలుపును చూసింది. ఈ అబద్ధపు నీళ్లతో ఆయన కొండెక్కితే? నోరు మూసుకుంటే తన తప్పు దాగుతుంది, మనిషి దక్కడు.

“ఏంగ, దిగండి. ఆ నీళ్లు ఇప్పుడు పోసినవి,” అంది భర్తతో. అత్తగారి వైపు తిరిగి ఏడుస్తూ చెప్పేసింది. “మామకి దాహం మిగిల్చింది నేను అత్తా. అడిగినారు. ఇయ్యలేదు. ఆయన కోపం నా మీద తీరనీ, వీరి మీద వద్దు.”

జానకమ్మాళ్ కోడలి తలను భుజానికి ఆనించుకుంది. “నిన్ను అడిగే ముందు నన్ను అడిగినాడు కణ్ణు. పెండ్లాన్ని, ఇయ్యాల్సింది నేను గదా? నిద్దర పోయినట్టు గోడ తట్టు తిరిగి పండుకొంటిని... నిన్ను అడగనిచ్చినాను. నీ మీద నెట్టినాను.”

మోహన్‌రాజ్ తాళాలు జేబులో వేసుకుని మెట్టు మీద కూలబడ్డాడు.

లారీని కట్టి లాక్కెళ్లారు. ఆరోగ్యమేరి ఇంజిన్ విప్పి కాలిపోయిన గ్యాస్కెట్ చేతికిచ్చింది. గోరంత పగులు. ట్యాంకు అడుగున తులసాకు ఒకటి అతుక్కుని ఉంది. కొండ మీదైతే ఇంజిన్ పట్టేసి ఉండేదని చెప్పి, ఆ ఆకు ఎలా వచ్చిందని మాత్రం అడగలేదు.

కొత్త గ్యాస్కెట్ వేసిన మర్నాడు జానకమ్మాళ్ మళ్లీ టంబ్లర్ నింపుకుని బండి దగ్గరికి వెళ్లింది. నీళ్లు గీత మీదే ఉన్నాయి, వెంట్రుకవాసి తగ్గలేదు. ఇంజిన్ మీద చెవి ఆనించి విన్నది. ఏ గుటకా లేదు. సంతోషించాల్సిన ముసలామె కళ్లు నిండాయి.

“ఇంక అడగడు, చారూ. పోయినాడు.”

చేతిలోని టంబ్లర్ ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు నిలబడి, దాన్ని కోడలి పెదవులకు ఆనించింది. “నువ్వు తాగమ్మా.”

చారులత అడుగు దాకా తాగింది.